మూడో చైను

ఆ రోజు పొద్దున రాజనర్సు పెట్టుకున్న పని ఒక్కటే. గంగారాం కొడుకు పెండ్లికి పోకుండా ఉండటం. కరోనా రెండోసారి ఊరిమీద పడిన ఎండాకాలం అది. పెండ్లికి యాభై మంది దాటకూడదని సర్కారు ఆజ్ఞ. గంగారాం రాయించిన యాభై పేర్లలో రాజనర్సు పేరు లేదు. ఉన్నా పోయేవాడు కాదు. ఆ సంగతి గంగారాంకు తెలిసేటట్టు చేసే వీలు లేకపోవడమే అతని బాధ.

ఇద్దరూ కరీంనగర్ దిక్కు నుంచి సూరత్‌కు సాంచాలనే మరమగ్గాలు నడపడానికి వచ్చినవాళ్ళే. కోసాడ్ కాలనీలో ఎదురెదురు బ్లాకుల్లో ఉంటారు. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఖటోదరాలో ఒకే కారఖానాలో పనిచేసే రోజుల్లో, రాజనర్సు మగ్గానికి బిగించిన ఒక తోలు పికరును చూసి గంగారాం సేటు ముందరే "ఉల్టా బిగించిండు" అన్నాడు. నాడెను అటూ ఇటూ తన్నే తోలుముక్క అది. నిజంగానే ఉల్టా బిగించాడా లేదా అన్నది ఎవరూ తేల్చలేదు. ఆ మగ్గం పాత ఇనుముకు పోయింది. ఆ సేటు కారఖానా అమ్ముకున్నాడు. మాట మాత్రం మిగిలింది. గంగారాం తనంతట తాను వచ్చి ముందు మాట్లాడితే తప్ప నోరు విప్పేది లేదని రాజనర్సు ఆనాడే తీర్మానించుకున్నాడు. అటువైపూ అదే తీర్మానం ఉందని అతనికి తోచలేదు.

రాజనర్సు పండ్లు తోముకుంటుండగా అక్క వజ్రమ్మ పాల ప్యాకెట్టుతో వచ్చింది. అతని భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో వంట వజ్రమ్మదే.

"తమ్మీ, రాత్రి తుఫానుకు గేటుకాడి తురాయి చెట్టు వడ్డదట. పెండ్లి టెంపో లోపట్నే ఆగిపోయింది."

"ఎంత లావుంది చెట్టు?"

"ఇద్దరు కావలించుకోవాలె."

"నా దగ్గర రంపం మిషన్ ఉన్నదని గంగారాంకు ఎరికేనా?"

"కాలనీ అంతకు ఎరికే. ఆదివారం గూడ నిద్ర వోనియ్యవు గద."

నిరుడు లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయినప్పుడు రాజనర్సు ఆ మిషన్‌ను ఖటోదరాలో ఒక దుకాణంలో కొన్నాడు. అపార్టుమెంట్లవాళ్ళు కొమ్మలు కొట్టడానికి పిలుస్తారు. దుకాణదారు రెండు కొత్త చైన్లు కూడా చేతిలో పెట్టాడు. పళ్ళ చైను పని మధ్యలోనే మొద్దుబారుతుందని, స్పేరు లేకుండా బయల్దేరవద్దని, మొద్దుబారినదాన్ని పారేయకుండా గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నుకు రెండు రాపులు పెట్టాలని చెప్పాడు. ఎట్లా బిగించాలో కూడా చెప్పబోయాడు. "ముప్పై ఏండ్లు సాంచాలు బిగించినోనికి నేర్పుతున్నవా" అని రాజనర్సు బయటికి వచ్చేశాడు. గుండ్రటి ఆకురాయి కొనలేదు. మిషన్‌తో వచ్చిన చైనే ఇన్నాళ్ళూ నడిచింది. దాన్ని ఒక్కసారి కూడా విప్పింది లేదు.

ఏడున్నరకు పెండ్లికొడుకు మల్లేష్ వచ్చాడు. నుదుటికి బాసింగం, మూతికి మాస్కు. మధ్యలో కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"మామా, జర సాయం జెయ్యాలె. ముహూర్తం పదకొండు నలభైకి. గోడాదరాకు, పిల్లోల్లింటికి పోవాలె. పోలీసోల్లు ఇచ్చిన కాగితంల ఆ టెంపో నంబరే రాసిండ్రు, ఇంకో బండిల పోతే బ్రిడ్జికాడ ఆపుతరు. మున్సిపాలిటీకి ఫోన్ జేస్తే ఊరంత చెట్లు వడ్డయి, మాపటికి గాని రామన్నరు."

"మీ బాపు పంపిండా?"

"లే మామా. నేనే వచ్చిన."

"మీ బాపును రమ్మను."

"రాడు."

"అడిగినవా?"

"అడిగితెనే రానన్నడు."

రాజనర్సు మొఖం తుడుచుకుంటూ ఆలోచించాడు. చెట్టు తెగితే టెంపో తన పక్క నుంచే పోవాలి. అందులో గంగారాం ఉంటాడు. తన కొడుకు పెండ్లి నిలబెట్టినవాడి పక్క నుంచి పోతూ నోరు మెదపకుండా ఎట్లా పోతాడో చూడాలి.

"అరగంట" అన్నాడు.

గేటు దగ్గర తురాయి మాను అడ్డంగా, మనిషి ఛాతీ ఎత్తున పడి ఉంది. ఎర్రటి పూలు రోడ్డంతా రాలి ఉన్నాయి. లోపలివైపు తోరణాలు కట్టిన టెంపో, దాని చుట్టూ పట్టుబట్టల్లో చుట్టాలు. గంగారాం డ్రైవరు పక్కసీట్లో, అద్దం దింపి, ఎటో చూస్తూ కూర్చున్నాడు. రాజనర్సు అతనికి వీపు పెట్టి మిషన్ తాడు గుంజాడు.

మొదట్లో బాగానే నడిచింది. రంపపు పొట్టు జల్లుగా లేచి చుట్టాల మీద పడింది. మూడో వంతు తెగాక లోపల కణేల్‌మని ఏదో తగిలింది. ఎవరో ట్యూషన్ బోర్డు కొట్టడానికి దించిన మేకు, చెట్టు పెరుగుతూ దాన్ని మింగేసింది. ఆ తర్వాత రంపం కోయడం మానేసి గీకడం మొదలుపెట్టింది.

రాజనర్సు కంగారు పడలేదు. మిషన్ ఆపి, నట్లు విప్పి, చైను చేతిలోకి తీసుకుని చూశాడు. పళ్ళ మొనలు అరిగి మెరుస్తున్నాయి. ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. సాంచా మీద తోలు పికరు ఒక మొఖం అరిగితే తిప్పి రెండో మొఖం వాడతారు. మగ్గం తిప్పే పటా ఒకవైపు నున్నబడితే తిప్పి వేస్తారు. ఒకవైపు అరిగిందాన్ని పారేసేవాడిని సేట్లు పనిలో ఉంచుకోరు. చైనును కూడా అట్లాగే తిప్పి బిగించాడు.

ఈసారి మిషన్ మరింత జోరుగా మోగింది. చెట్టు మాత్రం కదలలేదు. కోత లోంచి సన్నగా పొగ లేచింది.

"ఖతమైంది దీని పని" అని చైను విప్పి, డబ్బాలోంచి కొత్తది తీశాడు. పాతది ఎట్లా ఉందో సరిగ్గా అట్లాగే, పన్ను పక్కన పన్ను పెట్టి చూసుకుని మరీ బిగించాడు. తాడు గుంజాడు. పొగ ఇంకా ఎక్కువైంది.

చుట్టాల్లో గుసగుసలు బయల్దేరాయి. గంగారాం కూతురు కరుణ చీరకుచ్చిళ్ళు పట్టుకుని అతని పక్కకు వచ్చింది.

"మామా, బాపు ఒక మాట చెప్పుమన్నడు. చైను ఉల్టా ఉందంట. పళ్ళు మీదికెల్లి ముందట్కి చూడాలంట, నీదిక్కు చూస్తున్నయంట."

రాజనర్సు చేతులు ఆగిపోయాయి. పదకొండేళ్ళ తర్వాత అదే మాట, పదిమంది ముందర.

"నాకు చెప్పుమన్నడా?"

"నీకు అన్లే. 'ఆ మిషన్ ఆయనకు' అన్నడు."

"అయితే ఆ మిషన్ ఆయన జవాబు చెప్తుండని చెప్పు. ఎవడు ఉల్టానో అప్పుడే ఎరికైంది. కొత్త చైనుల పదును లేదు. దుకాణపోడు మోసం జేసిండు."

కరుణ టెంపో దగ్గరికి పోయి వచ్చింది.

"కొత్త చైనుకు పదును ఎందుకు లేకుంట ఉంటదంటుండు."

"టెంపోల కూసున్నోనికి పదును సంగతి ఎట్ల తెలుస్తదని అడుగు."

"మామా, ప్లీజ్, నువ్వే పోయి అడుగు గదా. నా చెప్పు తెగింది, ఇటు అటు తిరిగి."

"నేనా" అన్నాడు రాజనర్సు. అంతటితో ఆ చర్చ ముగిసింది. చైనును తిప్పి చూడటానికి నిమిషం పడుతుంది. కాని ఆ నిమిషం గంగారాంది అవుతుంది. ముహూర్తం పోయినా సరే, అది ఇవ్వడానికి అతను సిద్ధంగా లేడు.

దుకాణానికి ఫోన్ చేశాడు. దుకాణం మూసి ఉంది, మనిషి ఇంట్లో ఉన్నాడు. మొద్దు చైన్లు అంటగట్టావని రాజనర్సు హిందీలో తిట్టాడు. అవతలివాడు నిదానంగా, మొద్దుబారితే ఆకురాయి పెట్టమన్నాడు. కొత్తదానికి అవసరం లేదని కూడా చెబుతున్నాడు గాని, రాజనర్సు అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

వజ్రమ్మ ఇంటికి పోయి సాంచాల పనిముట్ల సంచి తెచ్చింది. అందులో ఉన్నది బల్లపరుపు ఆకురాయి. చైనుకు ముప్పై చిల్లర పళ్ళు. రాజనర్సు మాను మీద కూర్చుని పాత చైను పళ్ళన్నీ రాకాడు. తర్వాత కొత్తదీ రాకాడు. వంపుగా ఉండాల్సిన ప్రతి పన్నూ చదునై, చెంచా అంచులా తయారైంది. ఇంతవరకు కొత్త చైనులో ఏ లోపమూ లేదు. ఇప్పుడు వచ్చింది.

తొమ్మిదిన్నర అయింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ అదే దిక్కుకు. పొగ ఈసారి నల్లగా లేచింది.

"నూనె అయిపోయినట్టుంది" అన్నాడు మొండయ్య. కాలనీలో ఏ పని జరుగుతున్నా అక్కడ ఉండే పెద్దమనిషి. మాస్కు గడ్డం కిందికి జారి ఉంటుంది, మాట్లాడటానికి అడ్డం రాకుండా. "చైను మీద నూనె వడకపోతే మాడుతది. నేను బోన్ మిల్లుల చేసినప్పుడు చూసిన."

చూస్తే నిజంగానే నూనె తొట్టి ఖాళీ. దుకాణాలు లేవు. మొండయ్య చుట్టూ చూశాడు. టెంపో వెనక హోమానికి పెట్టుకున్న నెయ్యి డబ్బా కనబడింది.

"అది దేవునిది" అన్నది వజ్రమ్మ.

"పెండ్లే కాకపోతే దేవుడు ఏం జేసుకుంటడు" అని మొండయ్య సగం డబ్బా మిషన్‌లో పోశాడు.

రంపం మోగింది. కాగిన నెయ్యి వాసన గాలిలో కలిసి ఒక్కో బ్లాకూ ఎక్కింది. ఏడాదిగా పెండ్లి భోజనం మొఖం చూడని జనం కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. బూరెలు వండుతున్నారని ఒకరు, లడ్డూలు కడుతున్నారని ఒకరు. గేటు దగ్గరే పెండ్లి పెట్టుకున్నారని మూడో బ్లాకులో తేల్చేశారు. పది నిమిషాల్లో గేటు లోపల జాతర అయింది. కొందరు పిల్లలకు తలస్నానం చేయించి మరీ తీసుకొచ్చారు.

"ఎన్ని గంటలకు అన్నం?" అని ఒక ముసలామె రాజనర్సును అడిగింది.

"నేను చెట్టు కోసేటోన్ని."

"అయితే జల్ది కొయ్యి. పొయ్యికి కట్టెలు తక్కువైనట్టున్నయి."

మల్లేష్ బాసింగం సర్దుకుంటూ ఫోన్లో ఉన్నాడు. అవతల పెండ్లికూతురు తండ్రి అంబదాస్. చెట్టు ఎందుకు తెగడం లేదో మల్లేష్ మూడుసార్లు చెప్పాడు. అంబదాస్‌కు మూడుసార్లూ అర్థం కాలేదు. చెప్పేవాడికీ అర్థం కాలేదు గనుక అందులో తప్పెవరిదీ కాదు. చివరికి ఫోన్ పెండ్లికూతురు సింధూజ తీసుకుంది.

"నువ్వు రాలేవు. సరే. మేమే వస్తం. మా సేటు నూలు టెంపోకు మాల్ పాస్ ఉన్నది, ఎవడూ ఆపడు."

"ముహూర్తం?"

"అయ్యగారిని గూడ ఎక్కిస్తున్న. నువ్వు గాడ్నే ఉండు. ఏడికీ పోకు."

"ఏడికి పోత" అన్నాడు మల్లేష్.

ఈ మాట పాకగానే జనం చెట్టు సంగతి మరిచిపోయారు. పీటలు దించారు. తెర దించారు. ఎవరో వచ్చి, రాజనర్సు కూర్చున్న చోట అక్షింతల పళ్ళెం పెట్టుకోవాలని, జర పక్కకు జరగమన్నారు. అతను జరిగాడు. అరగంట అన్న పని మూడు గంటలైంది. గంగారాం పక్క నుంచి పోతూ మాట్లాడతాడనుకుంటే, గంగారాం ఇక పోవాల్సిన అవసరమే లేకుండా పోతోంది. తనను తిట్టేవాడు కూడా అక్కడ లేడు. అది అతనికి బాగా తగిలింది.

మిషన్, డబ్బా తీసుకుని ఎవరికీ కనబడకుండా వాచ్‌మన్ గది వెనక్కి పోయాడు. డబ్బా అడుగున, నూనె కాగితంలో, రెండో స్పేరు చైను ఉంది. దానికి ఆకురాయి తగల్లేదు. వేలితో తడిమితే చర్మం పట్టుకుంది. పదును లేకపోవడమేమిటి. దాన్ని చైను తిరిగే ఇనుప పట్టీ మీద పెట్టి చూశాడు. పళ్ళు తనవైపే చూస్తున్నాయి. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని, చైనును తిప్పి పెట్టాడు. పళ్ళు ముందుకు చూశాయి.

రాజనర్సు చుట్టూ ఇంకోసారి చూశాడు. తర్వాత నట్లు బిగించడం మొదలుపెట్టాడు. గంగారాం చెప్పినందుకు కాదని, తనకే తోచిందని తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

అతను అక్కడ ఉండగానే గేటు బయట నూలు టెంపో ఆగింది. నూలు పెట్టెల మధ్య నుంచి సింధూజ, పంతులు, చుట్టాలు, అన్నంతో నిండిన పెద్దపెద్ద గంజులు దిగారు. వాళ్ళ వెనకే మోటారు సైకిలు మీద ఒక కానిస్టేబులు దిగాడు. గుంపు చేరిందని అతనికి ఫోన్ వచ్చింది. అతను మాను ఎక్కి నిలబడి వేలితో తలలు లెక్కపెట్టాడు.

"యాభై కంటే జ్యాదా ఉన్నరు. బంద్ కరో" అన్నాడు.

లోపలివైపు ఏడుపులు మొదలయ్యాయి. అప్పుడు కరుణ తెగిన చెప్పు చేతిలో పట్టుకునే ముందుకు వచ్చింది. జాతరకు వచ్చినవాళ్ళను బ్లాకుల్లోకి తరిమింది. మిగిలినవాళ్ళను చూపించి హిందీలో అడిగింది. "సాబ్, ఇప్పుడు లెక్కపెట్టండి. ఇటు నలభై రెండు. అటు ముప్పై ఒకటి. మధ్యల చెట్టు. ఇవి రెండు వేరువేరు గుంపులు. ఏ గుంపులనైనా యాభై దాటిండ్రా?"

కానిస్టేబులు మానును చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇట్లాంటి ప్రశ్న అతనికి ఎవరూ నేర్పలేదు. రాత్రి తుఫాను మొదలైనప్పటి నుంచి అతనికి నిద్ర లేదు. కింద గంజుల్లోంచి పులిహోర వాసన వస్తోంది.

"చెట్టు ఉన్నంతసేపు రెండు" అన్నాడు చివరికి. "చెట్టు లేకపోతే ఒకటి. అప్పుడు కేసు రాస్తా. అందాకా ఈడ్నే ఉంటా."

ఈ ఒప్పందం రాజనర్సుకు తెలియదు. పంతులు మంత్రం ఎత్తుకున్నాడు. మాను మీద తెర పట్టారు, ఒక కొస వజ్రమ్మ చేతిలో, ఇంకో కొస అంబదాస్ చేతిలో. సరిగ్గా పదకొండు ముప్పై అయిదుకు రాజనర్సు వాచ్‌మన్ గది వెనక నుంచి బయటికి వచ్చి, ఎవరి మొఖమూ చూడకుండా, మాను చివరన రంపం ఆనించి తాడు గుంజాడు.

రంపం వెన్నలో దిగినట్టు దిగింది. పొట్టు పిడికెళ్ళ కొద్దీ ఎగిరి పంతులు మీద పడింది. మూడు గంటలుగా బిగుసుకుని ఉన్న మాను కిర్రుమంది. కానిస్టేబులు జేబులోంచి పుస్తకం తీశాడు. నలభై ఇద్దరు ఒక దిక్కు నుంచి, ముప్పై ఒక్కరు మరో దిక్కు నుంచి చేతులు ఊపారు. రంపం మోతలో ఎవరి మాటా వినబడలేదు. అందరూ తనను మెచ్చుకుంటున్నారనుకుని రాజనర్సు ఇంకా గట్టిగా నొక్కాడు.

టెంపో తలుపు తెరుచుకుంది. గంగారాం పంచె ఎగజెక్కి పరుగెత్తుకొచ్చి, రాజనర్సు ఎదురుగా నిలబడి, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆపు" అన్నాడు.

రాజనర్సు ఆపాడు. మిషన్ ఆగాక అక్కడ మంత్రం ఒక్కటే వినబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గంగారాం చూపు చైను మీద పడింది. పళ్ళు ముందుకు చూస్తున్నాయి. గంగారాం మీసం కొంచెం కదిలింది. వెనక్కి తిరిగి పీటల దగ్గరికి పోయాడు.

పెండ్లి మాను మీదుగానే జరిగింది. జీలకర్రబెల్లం కూడా దాని మీదుగానే పెట్టుకున్నారు. పుస్తె కట్టేటప్పుడు మల్లేష్ మాను మీద బోర్లా పడుకుని చేతులు చాచాడు. అతని కాళ్ళు కరుణ పట్టుకుంది.

"జల్ది కట్టు" అన్నది సింధూజ తల వంచుకునే. "చీమలెక్కుతున్నయి."

తలంబ్రాలు పోసుకున్నాక కానిస్టేబులు రెండు గుంపుల వైపూ విడివిడిగా తిని, పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని బండి మూల తిరగగానే లోపలివాళ్ళందరూ చీరలు, పంచెలు ఎత్తి పట్టుకుని మాను ఎక్కి అటువైపు దిగి, గంజుల చుట్టూ చేరారు. గేటు దగ్గర రాజనర్సు ఒక్కడే మిగిలాడు. మాను పావుగంటలో రెండు చోట్ల తెగింది. టెంపో పట్టేంత దారి అయింది. టెంపోకు ఇప్పుడు ఎక్కడికీ పోయే పని లేదు.

సాయంత్రం రాజనర్సు పాడైన రెండు చైన్లను మేకుకు తగిలిస్తుండగా వజ్రమ్మ గిన్నెలో పులిహోర, నాలుగు లడ్డూలు తెచ్చింది.

"గంగారాం మాట్లాడిండట గదా నీతోని."

"మాట్లాడిండు."

"ఏమన్నడు?"

"ఆపుమన్నడు."

"మరి నువ్వేమన్నవు?"

"నేనెందుకు అంట. ముందుగాల మాట్లాడింది వాడే గదా" అని రాజనర్సు గిన్నె ముందుకు జరుపుకున్నాడు.

అతని లెక్కలో తగాదా ఆ రోజుతో తీరిపోయింది. గంగారాం లెక్క ఏమిటో తెలియదు, అతను మళ్ళీ ఇంకా మాట్లాడలేదు.